అవ్వ కాలి దారం

మా అవ్వ సలోమి కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానలో రాత్రి డ్యూటీ ఆయాగా పదహారేళ్లు చేసింది. సాయంత్రం ఎల్లారెడ్డిలో బస్సెక్కితే మళ్లీ పొద్దున్నే దిగేది. నేను బడి ఎగ్గొట్టడానికి ఆ పొద్దుటి బస్సే సాకు. అవ్వ సంచి ఎవరు మోయాలి మరి?

వయసులో ఉన్నప్పుడు బీడీలు చుడుతూ, మా నాన్నను ఊపే తొట్టెల తాడును కాలి బొటనవేలికి కట్టుకునేదట. చేతులు ఆకు మీద, కాలు మా నాన్న మీద. ఆ అలవాటును దవాఖానకూ తీసుకెళ్లింది. లేవలేని రోగి చేతికి దారం ఒక కొస ఇచ్చి, రెండో కొస తన వేలికి కట్టుకునేది. గుంజితే లేచేది.

ఒక రాత్రి సూపర్‌వైజర్ సుందర్ చూడనే చూశాడు.

"సలోమవ్వా, దారం కట్టుకొని మరీ పండుకుంటున్నవా? ఇంకోపాలి కన్ను మూసినవంటే ఇంటికే!"

అవ్వ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంట్ల కూసుంటే నన్ను ఎవలు పిలుస్తరు బిడ్డా?"

ఆ నెలలోనే హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. రాత్రి కొలువు చేసేవాళ్ల తలకు పట్టీ కట్టి, సన్నటి కరెంటు పంపి, నిద్రమత్తు తగ్గుతుందేమో చూస్తుందట. సూది లేదు, కోత లేదు. అందరికన్నా ముందు అవ్వే పేరిచ్చింది.

డాక్టరమ్మ ముట్టుకునే తల కదా అని, ఆ రోజు అరసీసా కొబ్బరినూనె పట్టించుకుని, నున్నగా దువ్వుకుని పోయింది. మర్దన చేసిన పాపం నాదే.

"అవ్వా, ఇంత నూనె ఉంటే కరెంటు సరిగ్గా పోదు. తల కడుక్కుని రా."

"చింపిరి తలతోని నీ ముంగట కూసుంటనా బిడ్డా? పరువు పోతది!"

చివరికి కడుక్కుంది. ఫ్యాను కింద జుట్టు ఆరబెట్టుకుంటుంటే రోగులు కూడా నవ్వారట. పట్టీ పెడితే నుదుటి మీద చీమలు పారినట్టుందట.

అలా పట్టీతో పది రాత్రులు గడిచాయి. అవ్వ ఒక్కసారీ కునుకు తీయలేదు. అది పట్టీ మహిమో, సుందర్ భయమో! అందరి లెక్కలూ చూస్తే గానీ చెప్పలేనంది డాక్టరమ్మ.

"మత్తు తగ్గిందా అవ్వా?"

"జరంత తగ్గింది. గని ఎవలు పిలుస్తున్నరో నీ మిషిన్ చెప్తదా?" అని అవ్వ కాలు చాపింది. వేలికి దారం అలాగే ఉంది.

పక్కనే ఉన్న సుందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "కట్టుకో అవ్వా. పండుకోకు, గంతే."

ఇంకో రెండేళ్లు చేసి, మోకాళ్లు మొరాయిస్తే తనే మానేసింది. ఇప్పుడు రాత్రయితే దారం కొస నా చేతిలో పెడుతుంది. నేను ఊరికే గుంజుతాను.

"ఏంది బిడ్డా, నీళ్లా?"

నాకు దాహం లేదని ఆమెకు తెలుసు. అయినా చెంబు పట్టుకుని వస్తుంది.