బాణంగా గడిపిన ఒక ఉదయం

ఇది ధనుస్సుల కథ. ఇందులో అరణ్యం ఉంది, రథం ఉంది, విల్లు ఎక్కుపెట్టలేక చెమటలు కక్కిన వీరుడున్నాడు, ప్రాణాపాయం కూడా ఉంది. ఇంతవరకు చదివి సర్దుకుని కూర్చున్నవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను: ఆ వీరుడు కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో మా ఇంటి ఓనరు అంకుల్, ఆ రథం అద్దెకు తెచ్చిన ఏటీవీ అనే అడవి బండి, ప్రాణాపాయం నా చేతివేళ్ళ వరకే, లేడి మాత్రం చివరిదాకా కనిపించదు.

మొన్న మా అమ్మాయిని ఈత క్లాసులో దింపి వస్తుంటే సిగ్నల్ దగ్గర నా ముందు ఒక ట్రక్కు ఆగింది. దాని వెనక ట్రైలర్ మీద లావుపాటి నాలుగు చక్రాల ఏటీవీ, ఆ ఏటీవీ ర్యాక్ మీద గట్టి ప్లాస్టిక్ పెట్టె. విల్లులు పెట్టుకునే పెట్టె అది. బండి వెడల్పు దాటకుండా సరిచేసి, రెండు పట్టీలతో బిగించి ఉంది. అంత పద్ధతిగా కట్టిన విల్లును చూడగానే నా పక్కటెముకలు పాత పరిచయస్థుణ్ణి చూసినట్టు కదిలాయి. వెనకవాడు హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ కొట్టించుకున్నానంటే గతంలోకి బాగానే వెళ్ళి ఉండాలి.

నాకిప్పుడు ముప్పై నాలుగు. జ్ఞాపకాలు రాసే వయసేనా అని మా ఆవిడ అడుగుతుంది. కానీ స్టడీ పర్మిట్ మీద వచ్చి, బేస్‌మెంట్లలో బతికి, వర్క్ పర్మిట్ అయిపోయేలోగా ఉద్యోగం వస్తుందా రాదా అని సీలింగ్ చూస్తూ పడుకున్న మన బ్యాచ్‌కి ముప్పై నాలుగంటే రిటైర్మెంట్ కిందే లెక్క. నా గదికి నేలమట్టంలో ఒక కిటికీ ఉండేది. అందులోంచి మనుషుల కాళ్ళు కనిపించేవి. చలికాలం మంచు పేరుకున్నాక అవి కూడా కనిపించేవి కావు.

పైన అంకుల్, ఆంటీ ఉండేవారు. అంకుల్ ఆఫీసులో మేనేజర్‌కి వేట పిచ్చి. లంచ్ దగ్గర అందరూ ఆయన చుట్టూ చేరి కొమ్ముల ఫొటోలు చూస్తుంటే అంకుల్ ఒక్కడూ పెరుగన్నం తినేవాడట. కొన్నేళ్ళు తిన్నాక, తనకూ వేట వచ్చని ఒకరోజు నోరు జారాడు. తర్వాత క్లాసుకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాడు. తుపాకీకి ఆంటీ ఒప్పుకోలేదు. విల్లయితే దేవుడి పటాల్లోనూ ఉంటుంది కదా అని ఒప్పుకుంది. అలా ఇంట్లోకి క్రాస్‌బో వచ్చింది. నన్ను కూడా తీసుకువస్తానని అంకుల్ మేనేజర్‌తో చెప్పేశాడు. ఒక పూట ఆయనతో గడిపితే ఇంటర్వ్యూ అయిపోయినట్టేనని నాతో అన్నాడు. ఉద్యోగం కావాలి, ఉంటున్నది ఆయన బేస్‌మెంట్. కుదరదనడానికి నా దగ్గర వేరే కిటికీ లేదు.

క్రాస్‌బో అంటే తుపాకీలాంటి కర్రకు అడ్డంగా బిగించిన విల్లు. నారిని రెండు చేతులా వెనక్కి లాగి కొక్కేనికి తగిలించాలి. తగిలిందంటే ఇక అది బాణం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మధ్యలో మనసు మార్చుకోదు, వదిలిందంటే దారిలో వేళ్ళున్నాయా అని చూసుకోదు. నారిని అలా లాగే శక్తి అంకుల్‌కి లేదని గరాజ్‌లో తేలింది. అడవిలో మేనేజర్ ముందు తేలకూడదని, బయలుదేరే రోజు ఇంట్లోనే ముగ్గురం కలిసి ఎక్కుపెట్టాం. అంకుల్ నారి లాగాడు, నేను కర్ర పట్టుకున్నాను, అంకుల్ ముందుకు తూలకుండా ఆంటీ ఆయన నడుం పట్టుకుంది. టక్కుమని తగిలాక ఆంటీ చేతులు దులుపుకుంది.

"మళ్ళీ పట్టుకోవడానికి నేను అడవికి రాను. ఇలాగే తీసుకుపోండి."

ఎక్కుపెట్టిన విల్లును బండెక్కించకూడదని అంకుల్‌కి క్లాసులో చెప్పే ఉంటారు. ఆంటీ చెప్పింది చివరగా విన్నాడు కాబట్టి అదే గుర్తుంది. బట్ట సంచిలో పెట్టి జిప్పు వేశాడు.

మేనేజర్ స్థలం ఉత్తరాన, బర్చ్ చెట్ల మధ్య. ఆయన తన ఏటీవీ మీద ముందు వెళ్తూ, లేళ్ళ కోసం కాపు కాసే మంచె దగ్గరే కాబట్టి అబ్బాయి నడిచి రావచ్చన్నాడు. అంకుల్ వినలేదు, అద్దె ఏటీవీ మీద నన్ను వెనక ఎక్కించుకున్నాడు. స్కూటర్ మీద పెరిగిన తరానికి వెనక కూర్చున్నవాడు మనిషి కాదు, సామాను పెట్టుకునే చోటు. గ్యాస్ బండ, కూలర్, పెళ్ళి ఫొటో ఫ్రేము, అన్నీ మనమే కదా పట్టుకున్నాం. ఉన్న రెండు పట్టీలూ ఆంటీ ఇచ్చిన పులిహోర పెట్టెను ర్యాక్‌కి కట్టడానికి సరిపోయాయి. ఆ పెట్టెకు ఆనుకుని నేను, నా ఒళ్ళో అడ్డంగా క్రాస్‌బో, దాని మీద మేనేజర్‌ది పాతకాలపు పొడుగాటి కర్ర విల్లు. అది మనిషంత ఉంటుంది. మా అబ్బాయి పట్టుకుంటాడులెండి అని అంకుల్ ఆయన దగ్గర అడిగి మరీ తీసుకున్నాడు.

రెండు బర్చ్ చెట్ల మధ్య నుంచి ఏటీవీ సుఖంగా దూరింది. నా ఒళ్ళోని కర్ర విల్లు దూరలేదు. దాని రెండు చివరలూ చెట్లకు తన్నుకున్నాయి. బండి ముందుకు, విల్లు వెనక్కి, వెనక పులిహోర పెట్టె, మధ్యలో నేను. అంకుల్ బ్రేకు వేసేసరికి విల్లు చక్కగా వంగి ఉంది. అంటే ఎక్కుపెట్టినట్టే. బాణం స్థానంలో నేనున్నాను.

నవ్వు రావలసిన సందర్భమే. కానీ నా వేళ్ళు కర్ర విల్లుకూ సంచిలోని క్రాస్‌బోకూ మధ్య ఇరుక్కుని ఉన్నాయి, కదపడానికి లేదు. సంచి లోపల నారి ఎక్కడుందో, మీట ఎక్కడుందో తెలియదు. అక్కడ నొక్కుకుపోయి కూర్చుంటే, కెనడా వచ్చినప్పటి నుంచీ నేను ఇదే భంగిమలో ఉన్నానేమో అనిపించింది.

మేనేజర్ దిగి నడిచి వచ్చాడు. ఇంజన్ ఆపించాడు. సంచి చూసి, అది ఎక్కుపెట్టి ఉందా అని నన్నే అడిగాడు. ఉందంటే అంకుల్ పరువు పోతుంది, లేదంటే నా వేళ్ళు పోవచ్చు. ఉద్యోగం ఎటు పోతుందో అప్పటికి లెక్క తేలలేదు. జీవితంలో మొదటిసారి నాకు జోకు తట్టలేదు. నేల చూశాను.

అంకుల్ బండి దిగి హెల్మెట్ తీశాడు. "చెయ్యి కదపకు బాబూ" అని నాతో తెలుగులో అన్నాడు. తర్వాత మేనేజర్‌ వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడినంత స్పష్టంగా చెప్పాడు.

"ఎక్కుపెట్టే ఉంది. ఇంటి దగ్గరే చేశాం. నా ఒక్కడివల్ల కాదు, మా ఆవిడ నన్ను పట్టుకుంది."

నావల్ల కాదన్న మాట ఆయన నోట అంతవరకు నేను వినలేదు. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ చెడిపోయినప్పుడు కూడా అనలేదు.

మేనేజర్ బండిని న్యూట్రల్‌లో పెట్టాడు. ఆయనా అంకులూ కలిసి బెత్తెడు వెనక్కి నెట్టారు. విల్లు సడలింది. వేళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసుకున్నాను, అన్నీ ఉన్నాయి. మేనేజర్ క్రాస్‌బోకి ఒక బాణం పెట్టి మెత్తటి మట్టిగట్టులోకి కొట్టి నారి ఖాళీ చేశాడు. పులిహోర తింటున్నప్పుడు, తన భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి తానూ చేత్తో లాగలేనని, ఆ కర్ర విల్లు జ్ఞాపకంగా మోసుకు తిరగడానికేనని, తన క్రాస్‌బోని చేతి మర తిప్పి ఎక్కుపెడతానని, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. తిరుగు దారిలో నేను నడిచాను. వాళ్ళకంటే ముందే చేరాను.

ఆ మేనేజర్ దగ్గర ఖాళీ లేదు. నాకు ఉద్యోగం హామిల్టన్‌లో దొరికింది, అందరిలాగే ఆన్‌లైన్‌లో అప్లై చేసి. ఇప్పుడు నాకూ ఇల్లుంది, ఇంటికి బేస్‌మెంట్ ఉంది, అందులో ఒక కుర్రాడున్నాడు. చెత్త ఏ రోజు బయట పెట్టాలో వాట్సాప్‌లో చెబుతాను, అతను బొటనవేలి బొమ్మ పెడతాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అతన్ని నేనెప్పుడూ దేని వెనకా కూర్చోబెట్టుకోలేదు, కాబట్టి అతని వేళ్ళు భద్రంగా ఉన్నాయి. అతని కిటికీలోంచి కూడా కాళ్ళే కనిపిస్తాయి. వాటిలో నావి ఏవో అతనికి తెలుసో లేదో.

అంకుల్ వాళ్ళు విండ్సర్‌కి మారుతున్నప్పుడు గరాజ్ సర్దడానికి నేనే వెళ్ళాను. క్రాస్‌బో వచ్చిన అట్టపెట్టె అటక మీద ఉంది. అడుగున, స్పాంజి కింద, కవరు కూడా చింపని చేతి మర ఒకటి ఉంది. నారిని వెనక్కి లాగడానికి అది విల్లుతో పాటే ఇస్తారు, ఒక్క చేత్తో తిప్పుకోవచ్చు.