ముట్టుకోకూడని కంచు పతకాలు

పోయిన నెల ట్రాయ్ ఊళ్లో నాన్న ఉంటున్న అపార్ట్‌మెంట్ సర్దుతూ అద్దాల బీరువా తలుపు తీశానో లేదో, మాగిన మఖమలూ కంచూ కలిసిన పాత కంపు గుప్పున కొట్టింది. ఆ వాసనకి నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మండుతుంది. ఇప్పుడూ మండింది.

డెబ్బైల చివర మేం ఆ చుట్టుపక్కలే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. నాన్న కార్ల రేకులు నొక్కే అచ్చులు తయారుచేసే ఇంజనీరు. శిల్పులు మలిచిన కంచు పతకాలు, చందా కట్టినవాళ్లకి ఒక సంస్థ పంపేవి, ఏడాదికి రెండు చొప్పున ఆయనకు పోస్టులో వచ్చేవి. అరచేయంత వెడల్పు, మోయలేనంత బరువు, వాటి మీద బొమ్మలు నాణెం మీద బొమ్మల్లా అణిగిమణిగి ఉండక, గుర్రం చెవి వెనక గోరు దూర్చగలిగేంత ఎత్తున పొడుచుకొచ్చేవి. ఒకదాని మీద బావిలోకి వంగిన ఆడమనిషి, తిప్పితే వెనకవైపు నీళ్లలోంచి పైకి చూస్తున్న ఆమె మొహమే. అదంటే నాకు ప్రాణమని నాన్నకు తెలుసు, అయినా ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనేమో తెల్ల గ్లవ్స్ తొడుక్కుని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తేవాడు. నన్ను అలా ఎత్తిన గుర్తు నాకు లేదు.

ఇంట్లో ఉన్న ఒక్క మంచి బీరువా వాటికే. అమ్మ దేవుళ్లు వంటింట్లో పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ డబ్బాల పక్కన సర్దుకున్నారు. శనివారం సాయంత్రాలు అంకుల్స్, ఆంటీలు వచ్చేవారు. పిల్లలం బేస్‌మెంట్‌లో క్యారమ్స్ ఆడుతుంటే, పైన పులిహోర, గారెలు, అల్లప్పచ్చడి వాసనల మధ్య నాన్న ఉపన్యాసం మొదలయ్యేది: ఇంత ఎత్తు బొమ్మ ఒక్క దెబ్బకి రాదనీ, ప్రెస్ కింద కొట్టి, కాల్చి, మళ్లీ కొట్టి, అలా పదిసార్లు చెయ్యాలనీ, పైనున్న ముదురు గోధుమరంగు శిల్పి దగ్గరుండి పట్టించిందనీ. గారె తిన్న చేత్తో ఎవరైనా దగ్గరికొస్తే, "ప్లీజ్, టచ్ చెయ్యకండి," అనేవాడు. ఆంటీలు మొహమొహాలు చూసుకునేవారు. ఆ రంగు సంగతి కింద ఉన్న నా చెవిన పడలేదు, పడి ఉంటే బాగుండేది.

ఏటా దసరాకి ముందు, బయట మేపుల్ ఆకులు ఎర్రగా రాలుతుండగా, అమ్మ పూజసామానంతా బేస్‌మెంట్ సింకులో వేసి చింతపండూ ఉప్పూ పెట్టి తోమేది. నా తొమ్మిదో ఏట నేనూ తోమడం నేర్చుకున్నాను. నల్లబడ్డ కుంది బంగారంలా మెరుస్తుంటే నా బుర్రకో ఆలోచన తట్టింది. నాన్న పతకాలూ మాసిపోయాయి కదా, తళతళలాడిస్తే మెచ్చుకుంటాడు, బావి పతకం ఒక్కసారి నా చేతిలో పెడతాడు. ఆయన ఆఫీసులో ఉండగా, అప్పటికి ఉన్న ఆరూ ఆ ముదురు రంగంతా ఊడొచ్చేదాకా తోమేశాను.

అమ్మ చూసింది. "ఎంత పని చేశావే తల్లీ," అని నా చేతులు కడిగి పైకి పంపింది. నాన్న రాగానే, "పండగ కదా, నేనే తోమాను," అంది.

నాన్న అరవలేదు. "నీకు తోమడం తప్ప ఏం తెలుసులే," అన్నాడు, అంతే. మంచు పడి, పేరుకుని, మురికిపట్టి, కరిగేదాకా మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఎదురుగా కూర్చునే ఉంటే, "మీ అమ్మని సాల్ట్ ఇమ్మను," అనేవాడు నాతో. ఇద్దరి మధ్యా ఆ మాటలు నేనే మోశాను. రోజూ నిజం గొంతుదాకా వచ్చేది, ఆయన మొహం చూడగానే దిగిపోయేది. పిరికిదాన్ని.

పతకాలు పంపే ఆ సంస్థ ఎప్పుడో మూతపడింది. శనివారాల అంకుల్స్, ఆంటీలు తలో రాష్ట్రానికి చెదిరిపోయారు. అమ్మ పోయి మూడేళ్లయింది. పోయిన నెల ఆ బీరువా ముందు నిలబడి, వెనక టీవీ చూస్తున్న నాన్నతో, "వీటిని తోమింది నేను నాన్నా, అమ్మ కాదు," అన్నాను. తిడితే తిట్టనీ అనే అన్నాను.

"తెలుసు," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. "వాటి మీద చిన్న చిన్న వేలిముద్రలున్నాయిగా."

"మరి అమ్మతో ఎందుకు మాట్లాడలేదు?"

"చిన్నపిల్లవి. నీ మీదేం చూపిస్తాను కోపం?"

ఆ నిమిషాన ఆయన్ని అసహ్యించుకున్నాను. తెలిసి తెలిసి ఆ మనిషిని అన్ని నెలలు ఏడిపించాడు. బతికుండగా 'నువ్వు కాదని తెలుసు' అని ఆ ఒక్క ముక్క ఆవిడతో అంటే మీ సొమ్మేం పోయేదని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. అన్నేళ్లు ఆవిడ నా కళ్ల ముందే తిరిగింది, నేను మాత్రం ఒక్కసారైనా ఆ ఊసెత్తానా?