కొరికిన ముక్కకే పడే చేప

మధ్యాహ్నం పన్నెండున్నరకి భోజనాల బండి వార్డులోకి వస్తుంది. దాని వెనకే ఖాళీ దూది డబ్బా పట్టుకుని ముసలి వార్డుబాయ్ వస్తాడు. అందరూ ఎర బాబాయ్ అంటారు. వానపాములూ పిండిముద్దలూ ఆయనకి ఆనవు. రోగులు వదిలేసిన తిండితోనే బంగారుతీగ చేపని పట్టాలని పంతం.

దగ్గుమందులో నానిన రొట్టె, టీలో ముంచిన బిస్కట్టు, గ్లూకోజు చల్లిన క్యారెట్టు, అన్నీ ఆసుపత్రి వెనక చెరువులోకే పోయాయని చెబుతాడు. పదకొండేళ్ళలో గాలానికి పడింది ఒక రబ్బరు చెప్పు. ఎడం కాలిది. కుడిది కూడా పడకపోతుందా అని ఆయన ఆశ.

అన్నయ్యది పదహారో నంబరు మంచం. తొమ్మిది రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. బరువు నలభై ఐదు కిలోలైనా ఉంటేగానీ కత్తి పట్టనన్నాడు డాక్టరు. అన్నయ్య నలభై రెండుకి దిగాడు. వదిన బతిమాలింది. నేను తిట్టాను.

"ఎలాగూ పోయేవాణ్ణి. తిని పోతే ఏంటి, తినక పోతే ఏంటి?" అన్నాడు.

ఎర బాబాయ్‌కి ఆ ప్రశ్నే అక్కర్లేదు.

"పదహారు గారూ, ఆ బంగాళాదుంప తింటారా?"

"వద్దు. తీసుకుపో."

"ఉత్తిగా తీసుకుపోతే లాభం లేదండీ. కొరికివ్వండి."

"ఏంటీ?"

"పంటి గాటు లేని ముక్కని ఆ చేప ముట్టదు. నిన్న పద్నాలుగు గారు కొరికిందాన్ని వాసన చూసి మరీ వెళ్ళింది."

"నీకేమైనా పిచ్చా బాబాయ్?"

"పిచ్చేనండి. కొరకండి."

వదిలించుకోవడానికి అన్నయ్య కొరికాడు. బాబాయ్ ముక్కని వెలుతురులో తిప్పి చూశాడు. "ఇంత చిన్న గాటా? చేప నవ్విపోతుంది. ఇంకాస్త."

మర్నాడు వచ్చి, "మీ ముక్కని తోకతో కొట్టి పోయిందండీ. ఉప్పు చాల్లేదేమో, ఇవాళ నమిలి చెప్పండి," అన్నాడు.

అన్ని రోజుల తర్వాత అన్నయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు, చేపని తిట్టడానికి.

ఆ పొగరుబోతు చేపని చూద్దామని ఆదివారం పొద్దున నేను చెరువుకి వెళ్ళాను. బాబాయ్ బకెట్లో మూడు బంగారుతీగలు కొట్టుకుంటున్నాయి. గాలానికి గుచ్చింది మామూలు పిండిముద్ద.

"ముక్కలేవి బాబాయ్?"

"నర్సమ్మకిస్తాను. ఎవరెంత కొరికారో రాసుకుని పారేస్తుంది."

"మరి చేపలు పడవని చెబుతావేం?"

"పడ్డాయంటే మీ అన్నగారు ఇక ఎందుకు కొరుకుతారండీ?"

"అయితే ఆ చెప్పు కూడా అబద్ధమేనా?"

బాబాయ్ మొహం చిన్నబోయింది. "చెప్పు నిజమేనండి."

సోమవారం నేను అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. ఆయనే సగం రొట్టె తిని మిగతాది డబ్బాలో పడేశాడు. "ఇవాళ పెద్ద గాటే పెట్టాను. ఎందుకు ముట్టదో చూస్తా," అన్నాడు.

సాయంత్రం బరువు తూచారు. నలభై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. గురువారం మళ్ళీ తూస్తారు.