ఆరు ముక్కల మాట

నీలవేణిది శ్రీముఖలింగం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. 1968లో శ్రీకాకుళంలో నర్సు శిక్షణకి చేరింది. రక్తపోటు చూసే పరికరాన్ని చక్కగా వాడేది గానీ దాని ఇంగ్లీషు పేరు మాత్రం నోరు తిరిగేది కాదు. నోటి పరీక్షలో ఆ పేరు దగ్గరే తప్పి, ఏడుస్తూ తన అద్దె గదికి వచ్చింది.

ఇంటావిడ జ్ఞానాంబ రిటైరైన ఇంగ్లీషు టీచరు. సంగతి విని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒక్క గుక్కలో అనెయ్యకమ్మా. స్ఫిగ్, మో, మ, నా, మి, టర్. ఆరు ముక్కలు. 'నా' దగ్గర నొక్కి పలుకు. గ్రీకులో స్ఫిగ్మోస్ అంటే నాడి, మానోస్ అంటే పలచన, మెట్రాన్ అంటే కొలత."

"నాడా? మా తాత రోగుల సెయ్యి పట్టుకుని సూసేదే కదమ్మా!" నీలవేణి కళ్ళు తుడుచుకుంది.

"అదే. నువ్వెరిగిందే."

వారం రోజులు పప్పు ఏరుతూ ఇద్దరూ ఆ మాటే పలికారు. రెండోసారి పరీక్షలో నీలవేణి తడబడలేదు. అడక్కపోయినా అర్థం కూడా చెప్పింది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ ఆ మాట అలాగే విడదీసి నేర్పింది. "ఇది మా జ్ఞానాంబమ్మ పెట్టిన బిచ్చం" అని చెప్పకుండా ఎప్పుడూ మొదలుపెట్టలేదు.