మా రైట్ రైట్ బావ

మా బావ అప్పలనరసింహానికి తెలుగు బాగానే వచ్చు. కానీ వాడడు. బస్సు కండక్టరుగా జీవితమంతా పనిచేసి, ఆ ఉద్యోగంలోంచి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మాటతోనే సంసారం చేశాడు, చుట్టరికాలు నెట్టుకొచ్చాడు, పోట్లాటలు గెలిచాడు. ఆ మాట ‘రైట్’.

మామూలు వాళ్ళకి రైట్ అంటే ఒక మాట. మా బావకి అదొక భాష. దానికి నిఘంటువు ఆయన పెళ్ళాం, మా అప్ప అలివేలుమంగ ఒక్కర్తే. మా వైపు అక్కని అప్ప అంటాం. కాఫీ గ్లాసు చేతికిచ్చాక గబుక్కున “రైట్” అన్నాడంటే బాగుందని. “రై...ట్” అని సాగదీశాడంటే పంచదార తక్కువైందని. ముక్కుతో అన్నాడంటే నువ్వు చెప్పేది ఒక్క ముక్క నమ్మలేదని. చేతికందిన దాని మీద రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్” అన్నాడంటే ఇక కదలమని. అది బస్సుకే కానక్కరలేదు, పేకాటలో ముక్క దించకుండా నానుస్తున్న వాడికైనా సరే.

వాళ్ళుండేది విజయనగరంలో. మేముండేది శృంగవరపుకోటలో, మా నోట వట్టి కోట. ఒకసారి అప్పకి జ్వరమని తెలిసి ఫోన్ చేశాను.

“బావా, అప్పకి ఎలాగుంది?”

“రైట్.”

“జొరం తగ్గినాదా?”

“రై...ట్.”

“నన్ను రమ్మంటావేటి?”

“రైట్ రైట్.”

ఫోను పెట్టేశాడు. నేను మందుల కొట్టు మూసేసి, ఆదరాబాదరాగా బస్సెక్కి వెళ్ళాను. అప్ప వంటింట్లో కూర్చుని గారెలు వేస్తోంది.

“జొరం తగ్గినాది, ఇంకా కాస్త నీరసం ఉన్నాది, బేగి రా, గారెలు సల్లారిపోతాయి అని సెప్పినారు కదరా. సరిగ్గా ఇనలేదేటి?” అంది.

ఇంకోసారి బావ మోకాలు నొప్పంటే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. “ఏ కాలండీ?” అని డాక్టరడిగాడు. “రైట్” అన్నాడు మా బావ. కుడికాలికి ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్ము దీపానికి ఎత్తి చూసి, ఈ వయసులో ఇంత ఆరోగ్యమైన మోకాలు తాను చూడలేదని డాక్టరు మెచ్చుకున్నాడు. ఎలా చూస్తాడు? నొప్పి ఎడమ కాలికి.

“మరి రైట్ అన్నావేటి బావా?”

“అడిగినాడు కదా. ఇనపడినాది అన్నాను.”

ఆ ఆసుపత్రి లిఫ్టులో కూడా అంతే. ఎక్కవలసిన వాళ్ళందరూ ఎక్కారో లేదో తల బయటపెట్టి అటూ ఇటూ చూస్తాడు. కుంటుకుంటూ వచ్చే వాళ్ళెవరైనా ఉంటే కాలడ్డం పెడతాడు. అప్పుడు లోపలి గోడ మీద రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్” అంటాడు. లిఫ్టు కదులుతుంది. మీట నొక్కింది నేను, పేరు ఆయనకి.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవంలో ఏకంగా అమ్మవారి సిరిమానుకే రైట్ చెప్పాడు. ఇసకేస్తే రాలనంత జనం. పూజారిని కొసన కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను బండి కదలబోతోంది. దాని ముందునించి ఒక ముసలామె తడబడుతూ దాటుతోంది. ఆమె అవతలకి చేరేదాకా ఊపిరి బిగబట్టి చూసి, పక్కవాడి వీపు మీద రెండు చరిచి “రైట్ రైట్” అని అరిచాడు. సరిగ్గా అప్పుడే సిరిమాను కదిలింది. మా బావ నావైపు చూసి మీసం సవరించుకున్నాడు. వీపు తడుముకుంటున్న ఆ పక్కవాడు మఫ్టీలో ఉన్న పోలీసని మాకు తరవాత తెలిసింది.

సర్వీసులో ఉన్న రోజుల్లో ఆయన బస్సుకి ‘పదినిమిషాల బస్సు’ అని పేరుండేది. పది నిమిషాలకొకటి వచ్చేదని కాదు, ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేదని. కాలేజీ పిల్లలు, కోర్టుకెళ్ళేవాళ్ళు, కోటలో సంతకెళ్ళేవాళ్ళు ముక్తకంఠంతో తిట్టేవారు. ఎందుకంత ఆలస్యమని అడిగితే ముక్కుతో “రైట్” అనేవాడు. దానర్థం నీకెందుకని.

ఆ బస్సు డ్రైవరు పేరు గంగులు. ఇద్దరూ ఒకే బస్సు మీద ముసలివాళ్ళయ్యారు. బావ నోటికీ గంగులు కుడికాలికీ ఏదో తీగ కలిపినట్టుండేది. ఒకనాడు గంగులు తన ఇంటి అరుగు మీద పడకకుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మా బావ వీధిలో ఆటో దిగి, ఆటోవాడితో “రైట్ రైట్” అన్నాడు. గంగులు కళ్ళు తెరవలేదు గానీ కాలు ముందుకి తన్నింది. ఎదురుగా ఉన్న మంచినీళ్ళ బిందె వీధిలోకి దొర్లుకుంటూ పోయింది.

ఇక అసలు కథ మా శైలజ పెళ్ళి. శైలజ మా అన్నయ్య జగన్నాధం కూతురు. మాలో పెళ్ళి పెళ్ళికొడుకు ఇంటి దగ్గరే. పెళ్ళికొడుకుది సాలూరు, వాళ్ళకి లారీలున్నాయి. రిటైరయ్యాక గంగులు ఒక ప్రైవేటు బస్సు నడుపుతున్నాడు. ఆ బస్సే మాట్లాడుకున్నాం. ఆ సంగతి తెలిసిన క్షణం నించీ మా బావకి నేల మీద కాలు నిలవలేదు. పెట్టె అడుగునించి పాత విజిలు తీసి, చింతపండు పెట్టి తోమాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీకిచ్చాడు.

“పెళ్ళికి కాకీ ఏటండీ? సిల్కు సొక్కా కుట్టించినాను కదా?” అంది అప్ప.

“రైట్.”

అప్ప మావైపు తిరిగింది. “సిల్కే ఏసుకుంటారట. మెడలో విజిలు మాత్రం తియ్యరట.”

మా ఇంట్లో ఒక ఆచారముంది. పెళ్ళివారు బయల్దేరాక ఇంటికి తాళం పడకూడదు, దేవుడి దగ్గర దీపం కొండెక్కకూడదు. అందుకని ప్రతి పెళ్ళికీ ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ పద్మప్పే. పద్మకుమారి మా పెదనాన్న కూతురు. పెళ్ళి చేసుకోలేదు, చిన్నప్పటినించీ మాతోనే ఉంది. ఉండమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. అలవాటైపోయింది. ప్రతి పెళ్ళికీ పప్పు రుబ్బి, తోరణాలు కట్టి, గుమ్మంలో నించుని బస్సుకి చెయ్యూపి, తరవాత పెళ్ళిని వీడియోలో చూసేది. నా పెళ్ళి నాకంటే ఆవిడకే బాగా గుర్తు. “తలంబ్రాలప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావురా గోపీ” అని ఇప్పటికీ నవ్వుతుంది.

మా వదిన టీచరు. పొద్దున్నే బడికి వెళ్ళిపోయేది. శైలజకి పాలు పట్టింది, జడలేసింది, లెక్కలు చెప్పింది పద్మప్పే. అందుకే ఆ పిల్ల ఈసారి పట్టుబట్టింది.

“పద్మత్త రాకపోతే నాను పీటల మీద కూకోను” అంది.

“అది వస్తే దీపం ఎవులు సూస్తారే?” అని అన్నయ్య కసిరాడు.

“నాను వీడియోలో సూస్తాను లేయే” అని పద్మప్ప నవ్వేసింది. నవ్వితే నవ్వింది గానీ, వారం ముందు ఒక ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కుంది. ఫాల్ కుట్టుకుని, మడతపెట్టి, మంచం మీద పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పెళ్ళినాడు తెల్లారేసరికే అందరం బస్సులో ఉన్నాం. మధ్యాహ్నం లోపలే ముహూర్తం. దారిలో గజపతినగరం దగ్గర రోడ్డు తవ్వేశారని ఎవరో చెప్పారు. అన్నయ్యకి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

“అందరూ ఎక్కినారు. రైట్ సెప్పు బావా!”

మా బావ ఫుట్‌బోర్డు మీద నించుని, ముందు నించి వెనక దాకా సీట్లన్నీ చూశాడు.

“ఎక్కనేదు” అన్నాడు.

బస్సంతా ఉలిక్కిపడింది. ఆయన నోట తెలుగు ముక్క విని చాలామందికి చాలా ఏళ్ళయింది.

“ఎవులు ఎక్కనేదు?” అన్నాడు అన్నయ్య.

బావ వేలితో గుమ్మంవైపు చూపించాడు. అక్కడ పద్మప్ప పసుపు చేతులతో, నేత చీరలో నించుని ఉంది.

“పద్మ రాదు బావా! ఇల్లు సూసుకోవాలి!”

“సీటు ఉన్నాది.”

“సీటుంటే? అవతల ముహూర్తం దాటిపోతాది!”

“రై...ట్.”

“పంచదార తక్కువైనాదట” అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. అన్నయ్య నవ్వే స్థితిలో లేడు. ముందుకి పరిగెత్తాడు.

“గంగులూ, నువ్వు పోనీ!”

“రైట్ అనకండా ఎలా పోనీమంటారు బాబూ? కాలు రావట్లేదు.”

అన్నయ్య మమ్మల్నందరినీ అరవమన్నాడు. బస్సంతా ఒక్క గొంతుతో “రైట్ రైట్” అని అరిచింది. వీధి కుక్కలు లేచి మొరిగాయి. గంగులు తన కాలువైపు జాలిగా చూసుకుని తల అడ్డంగా ఊపాడు. “ఆ గొంతు కాదు బాబూ.”

ఇంతలో సాలూరు నించి వియ్యంకుడు ఫోన్ చేశాడు. అన్నయ్య గొంతు మార్చాడు.

“ఆ, బావగారూ! బయల్దేరిపోనామండీ! సగం దూరం వచ్చేసినామండీ!”

సరిగ్గా అప్పుడే మా బావ విజిలు ఊదాడు.

“ఏటండీ ఆ విజిలు?” అని ఫోనులోంచి వినపడింది.

“పోలీసులండీ! మన బస్సుకి దారిత్తన్నారండీ!” అని అన్నయ్య ఫోను పెట్టేశాడు. చెమటలు తుడుచుకుని, బావ ముందు రెండు చేతులూ జోడించాడు.

“బావా, నీ కాళ్ళట్టుకుంటాను. ఆచారం కదా! అది ఎక్కేస్తే తలుపు దగ్గర ఎవులుంటారు? దీపంలో నూనె ఎవులు పోత్తారు?”

ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు మా బావ ఫుట్‌బోర్డు దిగాడు. సిల్కు చొక్కా సర్దుకుని, తిన్నగా వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

“నాను” అన్నాడు.

“నువ్వా! మేనకోడలి పెళ్ళి సూడవా?”

“వీడియోలో సూస్తాను.”

మొదట కదిలింది మా అప్ప. విసవిసా దిగి, నాను రాను మొర్రో అంటున్న పద్మప్ప రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కుపోయింది. శైలజ కిటికీలోంచి సగం బయటికి వంగి, “అత్తా, బేగి! అత్తా, బేగి!” అని కేకలు పెడుతోంది. పూలజడ పాడవుతుందని ఎవరు చెప్పినా వినటం లేదు. ఆకుపచ్చ పట్టుచీర కుచ్చిళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందకీ కట్టుకుని, తల వంచుకుని, పద్మప్ప బస్సు దగ్గరికొచ్చింది. పసుపు చేతులు కడుక్కోనేలేదు.

“వదినా, నా సీట్లో కూకో” అన్నాడు బావ. తలుపు పక్కనున్న ఒంటి సీటు అది. ఆవిడ కూర్చునేదాకా ఆగి, వీధి ఈ చివరా ఆ చివరా చూసి, బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టాడు.

“రైట్ రైట్!”

గంగులు కాలు కదిలింది.

నేను ముందు బోనెట్టు మీద కూర్చున్నాను. “ఇంత మొండితనమేటి గంగులూ?” అన్నాను.

“కొత్తేటి బాబూ? సర్వీసంతా ఇదే కదా. బస్సు నిండితే అందరు కండక్టర్లూ రైట్ అంటారు. ఈయన రోడ్డు ఖాళీ అయితే గానీ అనడు. తట్ట నెత్తినెట్టుకొని ఏ సందులోంచో ఓ ముసిల్ది పరిగెట్టుకొస్తాది. ఎవులికీ అగుపడదు. ఈయనకి అగుపడతాది.”

పదినిమిషాల బస్సుకి ఆ పది నిమిషాలు ఎక్కడ ఖర్చయ్యేవో నాకప్పుడు తెలిసింది.

ముహూర్తానికి అందుకున్నాం. మూడుముళ్ళూ పడుతున్నప్పుడు పద్మప్ప శైలజ వెనకే నించుని జడ పక్కకి తీసి పట్టుకుంది. మేమంతా అక్షింతలు వేస్తుంటే ఆవిడ మాత్రం చేతిలోవి వెయ్యడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. శైలజే వెనక్కి తిరిగి, “అత్తా, ఎయ్యి!” అంది.

బావకి ఫోన్ చేశాను.

“అయిపోనాది బావా.”

“రైట్.”

ఆ రైట్ నేనెప్పుడూ విననిది. ఫోను అప్పకిచ్చాను. “మళ్ళీ అనండి” అని, విని, అప్ప కళ్ళొత్తుకుంది.

“ఏటన్నారప్పా?”

“దీపంలో నూనె పోసినారట. పులిహోర ఉంచమన్నారు.”

భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. శైలజ అత్తవారి గుమ్మంలో నించుంది. అందరం బస్సెక్కాం. ఇంజిను మోగుతోంది, బస్సు కదలటం లేదు. “పోనీ గంగులూ” అన్నాడు అన్నయ్య. గంగులు అద్దంలోంచి తలుపు పక్క సీటువైపు చూస్తున్నాడు. మేమందరం కూడా అటే చూశాం.

పద్మప్ప గొంతెత్తి మాట్లాడగా మేమెవ్వరం ఎప్పుడూ వినలేదు. ఆవిడ లేచి నించుంది. ముందు నించి వెనక దాకా సీట్లన్నీ చూసింది. తలుపులోంచి తల బయటపెట్టి వీధి రెండు వైపులా చూసింది. వంటవాళ్ళలో ఒకావిడ పులిహోర డబ్బాతో పరిగెత్తుకొస్తుంటే, ఆగి అందుకుంది. శైలజకి చెయ్యూపింది. అప్పుడు బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

“రైట్ రైట్!”

“కాలు దానంతటదే ఎల్లిపోనాది బాబూ” అన్నాడు గంగులు నాతో, గేరు మారుస్తూ.

ఆ పులిహోర డబ్బా కోట వచ్చేదాకా పద్మప్ప ఒళ్ళోనే ఉంది. ఆకలేస్తోందని మా అన్నయ్య రెండుసార్లు చెయ్యి చాపాడు గానీ, ఆవిడ ముట్టనివ్వలేదు.