పుంటికూర గిన్నె ఎన్ని గ్రాములు

మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన మూడో వారంలో, హన్మకొండలో వాళ్ల వంటింట్లో నేనొక హత్యాకాండ జరిపాను. చచ్చింది పుంటికూర. గాయపడింది నేను.

మా మరదలు బట్టల షాపులో కొలువు మానేసి కర్రీ పాయింట్ పెట్టింది. మడికొండలో ఒక ఆఫీసు వాళ్లు అరవై మందికి పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, పంపమన్నారు. నచ్చితే రోజూ ఆర్డర్. నచ్చకపోతే మళ్లీ ఆ షాపుకే పోయి చీరలు మడతపెట్టుకోవాలి.

వంట చెప్పేది అత్తమ్మ, మంచం మీది నుంచి. ఆమె లెక్క ఒకటే: ఎనిమిది గిన్నెల ఆకుకు గిన్నెడు కందిపప్పు, అరవై మందికి సరిపోతుంది. గిన్నె అంటే ఆమె పెళ్లినాటి సత్తు గిన్నె. చిన్న సైజు ఏనుగుకు అందులో స్నానం చేయించవచ్చు. మార్కెట్లో ఆకును గిన్నెలతో కొలిచి అమ్మరు కాబట్టి, గిన్నెలను కిలోల్లోకి మార్చే బాధ్యత నేను మీదేసుకున్నాను.

మాది పత్తి వ్యాపారం చేసిన ఇల్లు. పత్తి బస్తా నింపేటప్పుడు ఒక మనిషి అందులోకి దిగి తొక్కుతాడు. సందు మిగిలితే బస్తా నిండినట్టు కాదు. నాకు వంటబట్టిన చదువు అదొక్కటే. ఆకు తుంచి గిన్నెలో పోసి పిడికిళ్లతో గుద్దాను. మోచేత్తో పొడిచాను. తినేదాన్ని కాలితో తొక్కకూడదు కాబట్టి రోకలి తెచ్చి, స్టూలెక్కి, నా తొంభై కిలోలూ దాని మీద మోపాను. ఆకుపచ్చ నెత్తురు క్యాలెండర్ దాకా చిమ్మింది. కాంటా మీద పెడితే ఏడు వందల గ్రాములు. ఎనిమిది గిన్నెలకు ఐదు కిలోల ఆరు వందలు. మరదలు నమ్మి నోట్‌బుక్కులో రాసుకుంది, అంతా తెప్పించింది.

మర్నాడు పదకొండింటికి పప్పు పొయ్యి మీంచి దిగింది. మరదలు చెంచాడు నోట్లో వేసుకుంది. ఆమె ఎడమ కన్ను మూసుకుపోయి చాలాసేపు తెరుచుకోలేదు.

"బావా, ఇది పప్పా, బ్యాటరీల పోసే నీళ్లా?"

పక్క గదిలోంచి అత్తమ్మ అడిగింది. "గిన్నె ఎట్ల నింపినవ్ అల్లుడా?"

"ఒత్తి ఒత్తి నింపిన అత్తమ్మా. జర కూడా సందు లేకుంట."

వాకర్ చప్పుడు వినిపించింది. డాక్టర్ ఆమెను రోజుకు పది అడుగులే నడవమన్నాడు. ఆమె ఇరవై అడుగులు మూడు సెకన్లలో వచ్చింది. ఇనుప గంటె నా మోచేతి మీద పడింది, తర్వాత భుజం మీద, తిరిగితే వీపు మీద. వాకర్ కాలు నా బొటనవేలి మీద దిగింది. ఆ గోరు నల్లబడి నెలకు ఊడిపోయింది.

"అదేమన్న పత్తా, గట్ల ఒత్తనీకి? ఆకును పైనుంచి ఇడవాలె. ఎంత పడితే అంతే గిన్నె."

"అమ్మా, కొట్టుడు తర్వాత," అంది మరదలు. "పన్నెండున్నరకు ఆటో వస్తది. ఇప్పుడెట్ల?"

అత్తమ్మ గంటె ఆపి పప్పు రుచి చూసింది. "మూడింతల ఆకు పడ్డది. ఇంకో రెండు గిన్నెల పప్పు ఉడకబెట్టి కలుపు."

మూడు కుక్కర్లు ఒకేసారి పేలడానికి సిద్ధమయ్యాయి. ఒకదాని మూత తొందరపడి తీశాను. కుతకుతలాడే పప్పు నా గడ్డాన్ని కాల్చింది. ఎవరూ అయ్యో అనలేదు. ఆటో వచ్చేసరికి నూట ఎనభై మందికి సరిపడా పప్పు తయారైంది. అరవై మందిది మడికొండ పోయింది. మిగతాది వాడకట్టంతా రెండు రోజులు తిన్నది.

మూడింటికి ఫోన్ మోగింది. మరదలు గోడకు ఆనుకుని విన్నది. "రేపటి సంది రోజూ పంపమన్నరు," అని మెల్లగా చెప్పి కింద కూలబడింది.

కాసేపయ్యాక కాంటా, గిన్నె, ఒక కట్ట ఆకు తెచ్చి అత్తమ్మ ముందు పెట్టింది. అత్తమ్మ గుప్పిట తెరిచి ఆకులను జారవిడిచింది. గిన్నె నిండింది. రెండు వందల ఇరవై గ్రాములు. మరదలు నోట్‌బుక్కులో ఏడు వందలు కొట్టేసి అది రాసింది.

"రేపు బెండకాయ అడిగిన్రమ్మా."

"ముక్కలు కోసుకరా, తూకం ఏద్దాం. అల్లుడా, నువ్వు బయట కూసో."

బయట కూర్చుని మోచేతికి ఐసు పెట్టుకున్నాను. లోపల బెండకాయ ముక్కలు గిన్నెలో రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ ఒత్తడం లేదు.