మాట్లాడదు, మాట్లాడట్లేదు

నేను ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. శావల్యాపురం నుంచి ముప్పాళ్ళ దాకా ఎక్కడికి బదిలీ చేసినా నా ఎర్రపెన్ను ఒక్కదాని మీదే పడి ఏడ్చేది. అది అక్కర్లేని చోట వచ్చే ‘ఇంగ్’. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని ఎవడైనా రాశాడంటే, "ఒరేయ్, అన్నదమ్ములు ఉంటారు గాని, ఉంటూ ఉండరు" అని తరగతి మొత్తం వినేలా వాయించేదాన్ని. ఎప్పుడూ ఉండే సంగతికి సింపుల్ ప్రెజెంట్, ఇప్పుడు నడుస్తున్నదానికి కంటిన్యుయస్. ఇంతకన్నా తేలికైన రూలు లోకంలో లేదని నా గట్టి నమ్మకం. రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డా ఆ జబ్బు తగ్గలేదు. బజారుకెళ్తే షాపుల బోర్డులు కూడా మనసులోనే దిద్దుకుంటూ నడుస్తాను.

మా పక్కిల్లు ఒక బైక్ మెకానిక్‌ది. అతని భార్య నన్ను పిన్నీ అని పిలుస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, ఆరేళ్ళది. చెవులు బాగా వినపడతాయి, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, నోట మాట మాత్రం లేదు. వారానికోసారి గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తున్నారు. అప్పటికే రెండు బళ్ళు పిల్లను చేర్చుకోలేమని పంపించేశాయి. మూడో బడి దరఖాస్తు పట్టుకుని ఒక సాయంత్రం తల్లి మా ఇంటికొచ్చింది. పిల్ల గురించి ఇంగ్లీషులో రాయాల్సిన ఖాళీ ఒకటి అందులో ఉంది.

నేను కళ్ళజోడు పెట్టుకుని, ‘షి డజ్ నాట్ స్పీక్’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

"ఏందని రాశావు పిన్నీ?"

"మాట్లాడదు అని."

ఆమె ముఖం మాడిపోయింది. "అట్టా అనబాక పిన్నీ. మాట్లాడట్లా, అంతే."

"రెండూ ఒకటే కదే!"

"ఎట్టా ఒకటయిద్ది? మా ఆయన సిగరెట్ తాగడు అంటాం. రేపు షాపు తీయడు అనీ అంటాం. మాట్లాడదు అంటే ఇప్పుడూ మాట్లాడదు, ఇక ముందూ మాట్లాడదు. రెండూ అందులోనే పడిపోతై."

ఇన్నేళ్ళు ఇంగ్లీషు క్రియలను పీకి పాకం పెట్టినదాన్ని, నా సొంత భాషలో మాటను ఏనాడూ ఇలా తిప్పి చూడలేదు. అయినా నా పాండిత్యం ఊరుకోనిస్తుందా? "ఇంగ్లీషులో ఆ గొడవ లేదమ్మాయ్. ఇందులో రేపటి ఊసే లేదు" అని సముదాయించాను.

"ఇంగ్లీషులో లేకపోవచ్చు. చదివే సారు తెలుగాయనే గదా పిన్నీ! లోపల మాట్లాడదు అనే చదువుకుంటాడు."

రాసింది కొట్టేసి, పైన ‘షి ఈజ్ నాట్ స్పీకింగ్ యెట్’ అని రాశాను. ఇంకా మాట్లాడట్లేదు అని. నిజానికి అది తప్పు కూడా కాదు. ఇవాళ ఇలా ఉంది, మారొచ్చు అని చెప్పడానికే ఆ ‘ఇంగ్’ ఉంది. క్లాసులో ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి, తప్పులు వెతకడానికి పరిగెత్తేదాన్ని. ఆ సాయంత్రం నా మీద నాకే సిగ్గేసింది.

మర్నాడు ఆమె తోడు రమ్మంటే పిల్లను తీసుకుని ముగ్గురం ఆ బడికి వెళ్ళాం. ప్రిన్సిపాల్ ఎవరో కాదు, నా పాత విద్యార్థే. లేచి నమస్కారం పెట్టి, కుర్చీలు వేయించి, దరఖాస్తు చదివాడు. చదివి పెన్ను తీశాడు.

"మేడం, డజ్ నాట్ కదా రావాలి? ఈ ఇంగ్‌కే గదా మీరు నాకు సున్నాలు చుట్టింది!" అని నవ్వుతూ దిద్దబోయాడు.

నేను కాగితం మీద చెయ్యి పెట్టేశాను. "దిద్దబాక నాయనా. పాప మాట్లాడదని కాదు, ఇంకా మాట్లాడట్లేదు." పక్కన తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇక్కడా కాదంటే దగ్గర్లో ఆమె అడగడానికి మరో బడి లేదు.

ఆయన నవ్వు ఆపి, పెన్ను పక్కన పెట్టి పిల్ల వంక చూశాడు.

"సరే మేడం. మరి హాజరు పిలిస్తే ఎట్టా పలుకుద్ది?"

"చెయ్యెత్తుద్ది సార్" అంది తల్లి గబుక్కున.

ఆయన ఒకటో తరగతి రిజిస్టరు తెప్పించాడు. ఆఖరి పేరు కింద పిల్ల పేరు రాసుకుని, గది మారుమోగేలా పిలిచాడు. పిల్ల వాళ్ళమ్మ చెయ్యి వదిలించుకుని తన చెయ్యి పైకెత్తింది. ఆయన "ప్రెజెంట్" అని తనే అని, టిక్కు పెట్టేదాకా పిల్ల ఆ చెయ్యి దించలేదు.